పాల ఇళ్ళ మధ్య సైకిలు బాట

స్త్రీ అడవిలోకి వెళ్ళడం అనగానే మన సాహిత్యంలో గుర్తొచ్చేవి వనవాసాలూ, వెళ్ళగొట్టడాలూ, ఎత్తుకుపోవడాలూ. ఎవరి వెంటా కాకుండా, ఎవరూ తరమకుండా, కట్టెల కోసమో ఆకుల కోసమో కూడా కాకుండా, ఊరికే తిరిగి రావడానికి అడవిలోకి వెళ్ళిన స్త్రీ కోసం నేను చదివిన కావ్యాలన్నీ గుర్తు చేసుకున్నాను. నాకైతే దొరకలేదు. ముప్ఫై అయిదేళ్ళు వచ్చేదాకా నేనూ అలా వెళ్ళినదాన్ని కాదు. 2024 అక్టోబరులో వెళ్ళాను. ఫ్రాన్సులో, బర్గండీ ప్రాంతపు మోర్వాన్ కొండల్లో, కొండదారుల్లో తొక్కే సైకిలు మీద. ఆ ప్రయాణం ఇచ్చిన సంతోషం గురించి, ఆ సంతోషం అడుగున కనిపించిన ఒక పాత లెక్క గురించి, అందులో నా వంతు గురించి ఈ నాలుగు మాటలు.

జోలపాటల్లో స్త్రీల శ్రమ మీద పరిశోధన చేసుకోవడానికి పది నెలల ఫెలోషిప్ వచ్చి దిజోన్ నగరానికి వెళ్ళాను. మా పాపకు అప్పటికి నాలుగేళ్ళు. హనుమకొండలో మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను. అమ్మకు తోడుగా, పగలూ రాత్రీ పాపను చూసుకోవడానికి ఒకామెను పెట్టుకున్నాం. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. పాప నాన్న ఉద్యోగం హైదరాబాదులో. నెలకు రెండుసార్లు వచ్చి వెళ్తారు. నేను బయల్దేరే ముందు బంధువులూ, సహోద్యోగులూ, చివరికి వీసా కాగితాలు జిరాక్సు తీసిన కుర్రాడు కూడా అడిగిన ప్రశ్న ఒకటే: "మరి పాపనెవరు చూసుకుంటారు?" ఆయన హైదరాబాదులో చేరినప్పుడు పాపకు ఏడాది నిండలేదు. అప్పుడు ఆయన్ని ఈ ప్రశ్న అడిగిన మనిషి ఒక్కరూ నాకు గుర్తులేరు.

సైకిలు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు గంటకు రెండు రూపాయలిచ్చి అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. పెద్దమనిషినయ్యాక ఇంట్లో ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. "ఇంక సైకిలెందుకులే" అన్నారంతే. అంత మెత్తగా పోయింది కాబట్టే అది పోయిందని చాలా ఏళ్ళు నాకు తెలియలేదు. దిజోన్‌లో నాతో పనిచేసిన గ్రంథాలయ ఉద్యోగి, యాభై దాటినావిడ, తన పాత సైకిలు నాకిచ్చి నాలుగు శనివారాలు వెంట తిప్పి నేర్పింది. ఫ్రెంచివాళ్ళు ఈ సైకిలును "వేతేతే" అంటారు. ఎలాంటి నేల మీదైనా నడిచే సైకిలు అన్న మాటకు పొడి అక్షరాలవి. లావు టైర్లు, ముందు చక్రానికి కుదుపుల్ని మింగే సస్పెన్షన్. దిగుడులో సీటు మీద కూర్చోకూడదు. రెండు పెడళ్ళూ ఒకే ఎత్తులో ఉంచి, వాటి మీద నిలబడి, బరువు వెనక్కి వేయాలి. బ్రేకు ఒక్కసారిగా పట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి చెప్పిందావిడ: "రాయిని చూడకు. రాయిని చూస్తే రాయి మీదికే పోతావు. నువ్వు పోవాల్సిన చోటు చూడు."

మోర్వాన్ పెద్ద కొండలేమీ కావు. అన్నిటికన్నా ఎత్తయిన ఓ ఫొలాన్ శిఖరం 901 మీటర్లు. గ్రానైటు నేల, బీచ్, ఓక్ చెట్ల అడవులు, వాటి మధ్య తెల్లటి షరొలే ఆవులు మేసే పచ్చిక చెలకలు, వాటి చుట్టూ కొమ్మల్ని వంచి అల్లిన కంచెలు. 1970 నుంచి ఇది ప్రాంతీయ ప్రకృతి ఉద్యానం. దీనికి ఉత్తరపు వాకిట్లో ఉన్న అవలోన్ పట్టణం నుంచి మధ్యధరా సముద్రం దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పొడవున గుర్తులు పెట్టిన సైకిలు దారి ఒకటుంది. అది మోర్వాన్‌ను దాటుకునే దక్షిణానికి పోతుంది. దారి పక్కన చెట్టుకో స్తంభానికో కొట్టిన చిన్న పలక మీద ఒక త్రికోణం, రెండు గుండ్రాలు ఉంటాయి. పచ్చ రంగంటే చాలా తేలిక, నీలమంటే తేలిక, ఎరుపు కష్టం, నలుపు చాలా కష్టం. నేను నీలం దాటలేదు.

ఈ దారులు ఎవరివి అన్నది నేను మొదట అడిగిన ప్రశ్న. వీటిలో చాలావాటిని సైకిళ్ళ కోసం ఎవరూ వేయలేదు. పొలానికీ, మిల్లుకూ, చర్చికీ, సంతకూ నడిచి నడిచి పడ్డ పల్లెబాటలవి. ఫ్రెంచి చట్టం ప్రకారం పల్లెబాట గ్రామానికి చెందుతుంది, ప్రజలందరి రాకపోకలకు తెరిచి ఉంటుంది. వ్యవసాయం తగ్గి బాటలు మూసుకుపోతున్న కాలంలో, నడకకూ విహారానికీ పనికొచ్చే దారుల జాబితా తయారుచేసి కాపాడే పనిని 1983లో ఒక చట్టం జిల్లాలకు అప్పగించింది. అంటే నేను సరదాగా తొక్కిన బాట అంతకుముందు ఎవరికో పనిబాట. ఈ సంగతి నాకు మొదట ఒక సమాచారంలాగే అనిపించింది.

సంతోషం గురించి కూడా నిజం చెప్పాలి, ఎందుకంటే మన వ్యాసాల్లో స్త్రీల కష్టం రాసినంత ధారాళంగా స్త్రీల సంతోషం రాయం. సోల్యూ పట్టణం దగ్గరి పల్లెలో మా సహోద్యోగిని ఇంట్లో శుక్రవారం రాత్రి పడుకుని, శనివారం పొద్దున ఆమెకు జలుబు చేయడంతో ఒక్కదాన్నే బయల్దేరాను. ఆదివారమైతే వేటగాళ్ళు ఎక్కువగా ఉంటారని, శనివారమైనా నారింజరంగు చొక్కా వేసుకోమని ఆవిడ మరీ మరీ చెప్పింది. ఆ భయం ఉత్తది కాదు. 2018 అక్టోబరులో ఆల్ప్స్ కొండల్లో ఇలాంటి దారిలోనే సైకిలు మీద పోతున్న ఒకాయన వేటగాడి తూటాకు చనిపోయాడు. నేను భయపడుతూనే తొక్కాను. బురద, తడిసిన ఆకులు, బాటకడ్డంగా పాములా పడుకున్న బీచ్ చెట్ల వేళ్ళు. ఒక దిగుడు చివర ఆగి ఊపిరి తీసుకుంటుంటే హఠాత్తుగా అర్థమైంది. రెండు గంటల నుంచీ నేను భయపడుతున్నది రాళ్ళకు, బురదకు, తూటాకు. వెనక ఎవరొస్తున్నారా అని ఒక్కసారీ తిరిగి చూడలేదు. మగవాడి అడుగుల చప్పుడు కోసం చెవి రిక్కించకుండా నేను గడిపిన మొదటి రెండు గంటలవి. ఫ్రెంచి అడవులు స్త్రీలకు భద్రమని నేననడం లేదు. అక్కడి స్త్రీలు అలా అనరు కూడా. ఆ పొద్దు నా ఒంటికి ఆ భయం లేదు, అంతే.

ఈ ఆటలో ఫ్రెంచి స్త్రీలు సాధించింది తక్కువేం కాదు. దిజోన్‌లో పుట్టిన ఆన్ కరొలీన్ షొసోన్ కొండదిగుడు పోటీల్లో ఏళ్ళ తరబడి ప్రపంచ విజేత. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ బంగారు పతకం ఆమెదే. 2024 జులైలో పారిస్ ఒలింపిక్స్‌లో కొండ సైకిలు బంగారు పతకం పొలీన్ ఫెరాన్ ప్రెవోకు వచ్చింది. అయినా ఆ శనివారం బాట మీద నాకు ఎదురైన పదకొండు మందిలో స్త్రీలు ఇద్దరు. సైకిలుంది, బాటుంది, చట్టముంది. శనివారం పొద్దున మూడు గంటలు ఎవరికుంటాయి అన్నదే ప్రశ్న.

బాట ఒక పల్లెలోంచి పోయింది. చిన్న చిన్న రాతి ఇళ్ళ నడుమ పలకరాళ్ళ కప్పుతో, కాస్త ఎత్తుగా, కిటికీలు ఎక్కువగా ఉన్న ఇళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాయి. అలాంటివాటిని ముందే చూపించి మా సహోద్యోగిని ఒక పేరు చెప్పింది: "పాల ఇళ్ళు". పాడి బాగా ఉన్నవాళ్ళవేమో అనుకున్నాను. "ఆవుపాలు కాదు" అంది. అలిన్యి అనే ఊళ్ళో ఒక మ్యూజియం ఉందని, చూసి రమ్మని చెప్పింది. దాదులకూ, అనాథలుగా అక్కడికి పంపిన పిల్లలకూ సంబంధించిన మ్యూజియం అది. 2016లో తెరిచారు. సైకిలు బయట ఆనించి, బురద కాళ్ళతోనే లోపలికి వెళ్ళాను.

దాది అనే మాట మనకు తెలుసు. జమీందారీ ఇళ్ళ కథల్లో ఉంటుంది. పాలిచ్చి పెంచిన దాది, చనిపోతే రెండు కన్నీటి చుక్కలు రాల్చదగ్గ దాది. ఆమె సొంత బిడ్డ ఆ సమయంలో ఏం తాగిందో కథకుడు చెప్పడు. మోర్వాన్‌లో ఆ ప్రశ్నకు కాగితాలున్నాయి.

పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి నేల పేదది, కొండలు తప్ప వేరే ఆస్తి లేదు. ఈ అడవుల కట్టెలు ఏళ్ళ వెంట తేలుకుంటూ పారిస్ పొయ్యిల్లోకి పోయేవి. ఈ పక్కనే ఉన్న సెత్తోన్ చెరువు ఆ కట్టెల్ని తేల్చడానికి నీళ్ళు కావాలని 1850లలో కట్టిందే. ఇప్పుడు దాని చుట్టూ సైకిళ్ళు తిరుగుతాయి. కట్టెల్లాగే పాలూ పారిస్‌కు పోయాయి. బిడ్డను కన్న కొన్ని వారాలకో నెలలకో పల్లెటూరి యువతి ఆ బిడ్డను అమ్మమ్మకో నాయనమ్మకో పొరుగామెకో అప్పగించి, పారిస్‌లోని డబ్బున్నవాళ్ళింటికి వెళ్ళి వాళ్ళ బిడ్డకు ఏడాదికి పైగా పాలిచ్చేది. అక్కడ ఆమెకు మంచి తిండి, రిబ్బన్ల టోపీ, పొడవాటి పైవస్త్రం, పల్లెలో కలలో కూడా దొరకని జీతం. ఆమె కన్నబిడ్డకు ఆవుపాలు, కడగని సీసా. ఆమె మిగిల్చి పంపిన డబ్బుతో గడ్డికప్పు పోయి పలకరాళ్ళ కప్పు వచ్చేది. అవే పాల ఇళ్ళు.

ఈ కొండల మధ్యనే ఉన్న మోంత్సోష్‌లో వైద్యం చేసిన షార్ల్ మొనో అనే డాక్టరు 1867లో ఈ వ్యాపారం గురించీ పసిపిల్లల చావుల గురించీ ఒక పుస్తకం రాశాడు. తన ప్రాంతంలో కాన్పయిన స్త్రీలలో సగానికి మించి పారిస్‌కు పాలివ్వడానికి వెళ్ళారని ఆయన లెక్క తీశాడు. ఆయనలాంటివాళ్ళ ఆందోళన ఫలితంగా 1874 డిసెంబరులో ఒక చట్టం వచ్చింది. తెయొఫీల్ రూసెల్ అనే వైద్యుడు, పార్లమెంటు సభ్యుడు దానికి కర్త. ఇంకొకరి ఇంట్లో దాదిగా చేరాలనుకునే స్త్రీ తన ఊరి మేయరు నుంచి ఒక పత్రం తేవాలి. తన కడసారి బిడ్డ బతికి ఉందో లేదో, ఉంటే ఏడు నెలలు నిండాయో లేదో అందులో రాయాలి. నిండకపోతే, ఆ బిడ్డకు ఇంకో స్త్రీ పాలిస్తున్నదని రాయాలి.

ఆ చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "ఇంకో స్త్రీ చూసుకుంటున్నది." ఆ మాట అంతకు పద్దెనిమిది గంటల ముందు నా నోట్లోంచి వచ్చింది.

శుక్రవారం సాయంత్రం ఇంటి నుంచి ఫోను. మన దగ్గర రాత్రి పది. అమ్మకు రెండు రోజుల కింద కంటి ఆపరేషన్ అయింది. వంగకూడదు, బరువులెత్తకూడదు. పాపను చూసుకునే ఆమె అమ్మ దగ్గర ఫోను తీసుకుని, "అక్కా, పిలగానికి అమ్మోరు పోసిందట, జెరం దిగుతలేదట, పొద్దుగాల పోయొస్త" అంది. ఆమెకు ఆరేళ్ళ కొడుకున్నాడు. జనగామ దగ్గర పల్లెలో అత్త దగ్గర ఉంటాడు. నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఆ క్షణంలో నా మనసులో మెదిలిన మొదటిది అమ్మ కన్ను. రెండోది, ఈమె వెళ్ళి వస్తే మా పాపకు అంటుకుంటుందేమో అని. ఆ పిల్లవాడి జ్వరం మూడోది. "సోమవారం దాకా ఆగు, రెండు రోజులే కదా. అక్కడ మీ అత్త చూసుకుంటుంది కదా" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "సరే అక్కా" అంది. నేను ఫోను పెట్టేసి, మర్నాటి దారికి టైర్లలో గాలి చూసుకున్నాను.

పిల్లవాడికి తగ్గిపోయింది. ఆమె సోమవారం వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చింది. కథగా చూస్తే ఏమీ జరగలేదు. కానీ ఆ మ్యూజియంలో నిలబడ్డప్పుడు నేను ఏ గోడ పక్కన నిలబడ్డానో నాకు తెలిసింది. దాది గోడ పక్కన కాదు, పారిస్ ఇంటి యజమానురాలి పక్కన. నా చదువు, నా ఫెలోషిప్, నా శనివారం, రాళ్ళకు తప్ప దేనికీ భయపడని నా రెండు గంటలు - అన్నీ ఆ "సరే అక్కా" మీద నడిచాయి.

ఆ తర్వాత నెలల్లో, చదువుకున్నవాళ్ళం చేసే పనే నేనూ చేశాను. పుస్తకాలు తిరగేశాను. ఎలిజబెత్ బదాంతేర్ 1980లో రాసిన మాతృప్రేమ చరిత్రలో 1780 నాటి లెక్క ఒకటి ఉంది. పారిస్ పోలీసు అధిపతి లెనువార్ చెప్పినది. ఏటా ఆ నగరంలో పుట్టే 21 వేల మంది పిల్లల్లో కన్నతల్లి పాలు తాగేవాళ్ళు వెయ్యి మంది కూడా లేరు. ఇంకో వెయ్యి మందికి ఇంటికి వచ్చిన దాది పాలు. మిగతావాళ్ళంతా దూరపు పల్లెలకు. మాతృప్రేమ ప్రకృతి సహజమైతే ఈ అంకెలేమిటని ఆమె అడిగింది. తల్లులు తమ బిడ్డలకు తామే పాలివ్వాలని 1762లో "ఎమీల్"లో బోధించిన రూసో తన అయిదుగురు పిల్లల్నీ అనాథాశ్రమానికి ఇచ్చేశాడు. బోధ స్త్రీలకు, సౌకర్యం తనకు.

బెర్త్ మొరిజో అనే చిత్రకారిణి 1880 ప్రాంతంలో తన కూతురు జూలీకి పాలిస్తున్న దాదిని బొమ్మ గీసింది. అందులో జీతం తీసుకుని పనిచేస్తున్న స్త్రీని, ఇంకో పని చేసుకుంటున్న స్త్రీ చూస్తున్నది. ఇద్దరి పనికీ మధ్య ఒక బిడ్డ. లిండా నోక్లిన్ ఈ బొమ్మ మీద వ్యాసం రాస్తూ, దీన్ని విశ్రాంతి బొమ్మగా కాక శ్రమ బొమ్మగా చూడమంది. మొరిజో ఆ దాది పాలివ్వకపోతే కుంచె పట్టేది కాదు. కుంచె పట్టింది కాబట్టే ఆ దాది మనకు కనిపిస్తున్నది. ఈ రెండు వాక్యాలూ నిజమే. ఒకదానికొకటి చెల్లు మాత్రం కాదు. మహాశ్వేతాదేవి "స్తనదాయిని" చదివినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. హల్దార్ల ఇంటి పిల్లలందరికీ పాలిచ్చిన జశోద చివరికి రొమ్ము క్యాన్సరుతో దిక్కులేక చనిపోతుంది. ఆమె పాలు తాగినవాళ్ళలో ఒక్కరూ కొడుకు కాలేదు.

అలిన్యిలోనే పెరిగిన ఒక పిల్లవాడు పెద్ద రచయిత అయ్యాడు. ఏడు నెలల వయసులో కన్నతల్లి వదిలేస్తే 1911లో పారిస్ అనాథల సంస్థ ఈ ఊరి కుటుంబానికి అప్పగించిన ఆ బిడ్డ పేరు జాన్ జెనే. ఇలా పారిస్ నుంచి వచ్చిన పిల్లల్ని ఊరివాళ్ళు "చిన్న పారిస్‌లు" అనేవాళ్ళు. వేలమందిని మోర్వాన్ స్త్రీలు నెలసరి భత్యం తీసుకుని పెంచారు. జీతం తీసుకుని పెంచిన తల్లి ఇంట్లో పెరిగిన జెనే, తర్వాత 1947లో ఇద్దరు పనిమనిషి అక్కచెల్లెళ్ళ మీద నాటకం రాశాడు. జీతం తీసుకున్నంత మాత్రాన ఆ ప్రేమ అబద్ధమా? కాదు. ప్రేమ ఉన్నంత మాత్రాన ఆ జీతం చాలినంత అయిందా? అదీ కాదు. ఇంట్లో మనం ఈ రెండో ప్రశ్న రాకుండా మొదటి దానితో మూసేస్తాం. "మా పాపంటే ఆమెకు ప్రాణం" అని గర్వంగా చెప్పుకోవడంలో ఉన్న మోసం అదే. నేనూ చాలాసార్లు చెప్పాను.

హనుమకొండలో ఒకామె నా బిడ్డను చూస్తుంటే, ఆమె బిడ్డను జనగామ దగ్గర ఇంకో ముసలామె చూస్తున్నది. అర్లీ హోక్‌షీల్డ్ 2000లో ఇలాంటి గొలుసుకు ఒక పేరు పెట్టింది, ప్రపంచవ్యాప్త సంరక్షణ గొలుసు అని. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన మన స్త్రీలకు ఆ గొలుసు పేరు తెలియకపోయినా బరువు తెలుసు. ఆ ఊళ్ళలో గల్ఫ్ డబ్బుతో లేచిన మేడలు మన పాల ఇళ్ళు. అక్కడా నిబంధన ఒకటుంది. ముప్ఫై ఏళ్ళు నిండని స్త్రీ గల్ఫ్ ఇంటిపనికి వెళ్ళడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు. 1874 నాటి ఏడు నెలల నిబంధనకూ దీనికీ పోలిక నన్ను చాలా రోజులు వదల్లేదు. రెండుచోట్లా ఉద్దేశం రక్షణే. రెండుచోట్లా వయసు పత్రమో, బిడ్డ పత్రమో చూపాల్సింది వెళ్ళే స్త్రీ. "మీ ఇంటికొచ్చే ఈమె బిడ్డ సంగతేమిటి" అని పిలిచిన ఇంటివాళ్ళను ఎవరూ పత్రం అడగరు. ఇక పాల ఇల్లు ఎవరిది? పెళ్ళయిన స్త్రీ తన జీతాన్ని తన ఇష్టప్రకారం ఖర్చుపెట్టుకునే హక్కు ఫ్రాన్సులో 1907లో గానీ రాలేదు. దాకా ఆమె పాల మీద వచ్చిన ప్రతి ఫ్రాంకూ చట్టం దృష్టిలో మొగుడి చేతిలోది.

ఇన్ని చదివాక కూడా నా ప్రశ్న ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది: వెళ్ళడం తప్పా? కొందరు మిత్రులు అపరాధభావం వద్దన్నారు, మన స్వేచ్ఛ మన హక్కు అన్నారు. ఇంకొందరు, పనిమనిషి భుజాల మీద నిలబడ్డ స్త్రీవాదం ఎవరిదని అడిగారు. రెండు మాటలూ సబబే అనిపించి, రెంటి మధ్య ఎటూ తేలక నెలలు గడిపాను. ప్రతి శనివారమూ సైకిలు తొక్కుతూనే ఉన్నాను. అపరాధభావం చక్రాల్ని ఆపదు, రుచి చెడగొడుతుందంతే. దానివల్ల జనగామ దగ్గరి పిల్లవాడికి ఒరిగిందేమీ లేదు.

2025 జులైలో ఇంటికి వచ్చాను. వారం తర్వాత, పాప నిద్రపోయాక, వంటింట్లో ఆమెతో ఆ శుక్రవారం సంగతి ఎత్తాను. తప్పు చేశానన్నాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. నవ్వింది. "గా ముచ్చట ఇంక యాదికుంచుకున్నవా అక్కా" అంది. కాసేపయ్యాక, తలెత్తకుండానే, "నాకైతె యాదికున్నది" అంది.

నేనేం మాట్లాడలేదు. ఆమే అంది: "నువ్వు ఆడికి పోయినందుకు నాకేం కోపం లేదు. పోవాలె. పోయెటోళ్ళు పోవాలె. గని సారు ఉన్నడు గద పట్నంల. మూడు గంటల బస్సు. శనారం ఐతారం ఆయినకు సెలవేనాయె. ఆయిన్ని రమ్మంటవేమో అనుకున్న. నువ్వు మా అత్త పేరు తీసినవ్. పెద్దోళ్ళ ముచ్చట మనకెందుకని ఊకున్న."

పది నెలలు ఫ్రెంచి గ్రంథాలయంలో వెతికిన వాక్యం నాకు వంటింట్లో దొరికింది. ఆ రాత్రి మా ఆయనకు ఫోను చేయాలని నాకు తోచనే లేదు. ఆయన కాదంటారని కాదు. ఆయన్ని అడగాలన్న ఆలోచనే నా తలలో లేదు. బిడ్డ దగ్గర మనిషి కావాలి అనగానే నా చూపు పక్కకు పోలేదు, కిందికి పోయింది. నాకన్నా తక్కువ జీతం, నాకన్నా తక్కువ చదువు, కులంలోనూ నాకన్నా కింద అని లోకం చెప్పే స్త్రీ దగ్గరికి, ఆమె నుంచి ఆమెకన్నా ముసలి స్త్రీ దగ్గరికి. రూసెల్ చట్టం కూడా "ఇంకో స్త్రీ" అనే రాసింది. ఏడు నెలల ఆ నిబంధనలో బిడ్డ తండ్రి ప్రస్తావన లేదు. తల్లి వెళ్ళవచ్చా అన్నది నిజానికి నైతిక ప్రశ్నే కాదేమో. ఆ ప్రశ్నను అలా వేసినంతకాలం జవాబు ఇద్దరు స్త్రీల మధ్య తగువుగానే ఉంటుంది. వెళ్ళిన స్త్రీకీ ఉండిపోయిన స్త్రీకీ మధ్య లెక్క తేల్చుకోమని మనల్ని కూర్చోబెట్టి, ఆ లెక్కలో లేనివాళ్ళు బయట ఉన్నారు. వాళ్ళను బయట ఉంచింది వాళ్ళొక్కరే కాదు. నేనూను.

దీన్ని చెప్పి ఆమెకు నేను బాకీ లేనని అనుకోవడం ఇంకో మోసం. ఆ "సరే అక్కా" నేను అడిగితేనే వచ్చింది. మేం కొన్ని పనులు చేశాం. సెలవులూ, జీతమూ, రాత్రిపని లెక్కా కాగితం మీద రాసుకున్నాం. ఒక కాపీ ఆమె దగ్గర ఉంది. అత్యవసరమైతే ఆమె ముందు వెళ్తుంది, తర్వాత మాకు చెబుతుంది. ప్రతి శని ఆదివారాలు పాప నాన్నవి. మొదటి నెల ఆయనకు జడ వేయడం రాలేదు. ఇప్పుడు వంకరగా వస్తున్నది. మొదట్లో ఆయన దీన్ని నాకు చేస్తున్న సాయంగా చెప్పుకున్నారు. ఇప్పుడు చెప్పుకోవడం తగ్గింది. కొడుకును తెచ్చి ఇక్కడ ఉంచుకోమన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "మా అత్త ఒక్కతైతది" అంది. అది ఆమె నిర్ణయం.

ఈ వ్యాసం రాస్తున్నానని, అందులో ఆమె సంగతి ఉందని చెప్పి, పేరు రాయనా అని అడిగాను. దాదుల చరిత్రలో ఎన్ని పేర్లు పోయాయో నా మనసులో ఉంది. "పేరెందుకక్కా, మా ఊర్ల ఎవలన్న చదివితె బాగుండది" అంది. అందుకే రాయలేదు. పేరు రాయడం కూడా నా సంతృప్తి కోసమే కావచ్చు.

ఆదివారాలు పొద్దున మేమిద్దరం మైదానానికి వెళ్తున్నాం. ఆమె నా స్కూటీ నేర్చుకుంటున్నది. నేను వెనక పరుగెత్తుతూ, ఫ్రెంచి ఆవిడ నాకు చెప్పిన మాటే తెలుగులో అరుస్తున్నాను: రాయిని చూడకు, పోవాల్సిన చోటు చూడు. మొన్న పడింది. మోచేయి దులుపుకుంటూ లేచి, "నువ్వు చూడకు చూడకు అంటుంటె రాయే కనవడ్తదక్కా" అంది. నిజమే. చూడకుండా ఉంటే పడకుండా పోతాం. కాని ఆ రాళ్ళు ఎవరు పరిచారో తెలియాలంటే ఎక్కడో ఒకచోట దిగి చూడక తప్పదు.

స్కూటీ వస్తే నెలకు నాలుగుసార్లు ఊరికి పోయి కొడుకును చూసి వస్తానంటున్నది. అక్కడ పిల్లవాడు స్కూలుకు పోయాక, నడుమునొప్పితో, ఆరేళ్ళుగా ఒక్క రోజు సెలవు లేకుండా అతన్ని పెంచుతున్న ఆ అత్తగారు ఉంటారు. ఆమెకు మేమిద్దరం ఎంత బాకీ ఉన్నామో, ఆ లెక్క ఇంకా మొదలుపెట్టలేదు.